5సీబీ స్థితిస్థాపక స్థిరాంకాల కొలత: ప్రాజెక్టు డైరీ

నెమాటిక్ ద్రవ స్ఫటికంలో అణువులు సగటున ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ఆ దిక్కు చోటు చోటుకీ మారాలంటే శక్తి ఖర్చవుతుంది. మారే తీరులు మూడు: విచ్చుకోవడం (స్ప్లే), మెలితిరగడం (ట్విస్ట్), వంగడం (బెండ్). ఒక్కో తీరుకు ఒక్కో స్థిరాంకం ఉంది. 1958లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ వీటిని నేడు మనం వాడే రూపంలో స్థిరపరిచారు. ఈ డైరీలో వాటిని కె1, కె2, కె3 అని రాస్తాను. పదార్థం 5సీబీ, గది ఉష్ణోగ్రతలో నెమాటిక్‌గా ఉండే ద్రవ స్ఫటికం. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీనికి కె1 6 పికోన్యూటన్లకు (పికోన్యూటన్ అంటే న్యూటన్‌ను లక్ష కోట్లతో భాగిస్తే వచ్చేది) కాస్త పైన, కె2 3 నుంచి 4, కె3 8 నుంచి 10 మధ్య ఉంటాయని చాలాకాలంగా తెలుసు. జవాబు తెలిసిన పదార్థం కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. పరికరం ఎక్కడ తప్పుతోందో ఇదే పట్టిస్తుంది.

పద్ధతి ఫ్రెడరిక్స్ పరివర్తన. రెండు గాజు పలకల మధ్య అణువులను పలకలకు సమాంతరంగా పడుకోబెట్టి, పలకల మధ్య వోల్టేజీ పెంచుతూ పోవాలి. ఒక హద్దు దాకా ఏమీ జరగదు. హద్దు దాటగానే మధ్య పొరలోని అణువులు లేవడం మొదలుపెడతాయి. ఆ హద్దు వోల్టేజీని 'పై'తో భాగించి, వర్గం చేసి, శూన్యపు పర్మిటివిటీతోనూ (విద్యుత్ క్షేత్రానికి ఎంత స్పందన ఉందో చెప్పే విలువ) ద్రవ స్ఫటికపు పర్మిటివిటీ తేడాతోనూ గుణిస్తే కె1 వస్తుంది. పర్మిటివిటీ తేడా అంటే అణువుల పొడవు వెంట ఉన్న విలువలోంచి అడ్డంగా ఉన్న విలువను తీసేయగా మిగిలేది.

ఈ సూత్రంలో సెల్ మందం, అంటే రెండు పలకల మధ్య ఎడం, ఎక్కడా లేదు. ప్రాజెక్టు మొత్తానికీ నాకు దారి చూపింది ఈ ఒక్క విషయమే.

దశ 1: సెల్ తయారీ

1. ఐటీఓ (విద్యుత్తును ప్రవహింపజేసే పారదర్శక పదార్థం) పూత ఉన్న గాజు పలకలను సబ్బు నీటిలోనూ ఐసోప్రొపనాల్‌లోనూ అల్ట్రాసౌండ్ తొట్టెలో కడిగి ఆరబెట్టాలి. ఎలక్ట్రోడ్లు ఒకదానిమీద ఒకటి పడే వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు ఉండేలా ఐటీఓను చెక్కించాలి.
2. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) ద్రావణం పూసి, ఓవెన్‌లో కాల్చి, మఖమల్ గుడ్డతో ఒకే దిశలో రుద్దాలి.
3. రుద్దిన దిశలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా రెండు పలకలను స్పేసర్లతో (మధ్య ఎడం నిలిపే ముక్కలు) కలిపి, అంచులను యూవీ జిగురుతో అతికించాలి.
4. ఖాళీ సెల్ మందాన్ని స్పెక్ట్రోమీటరుతో కొలవాలి. వ్యతికరణ వర్ణపటంలో రెండు శిఖరాల తరంగదైర్ఘ్యాలూ, వాటి మధ్య ఎన్ని పట్టీలున్నాయో తెలిస్తే మందం వస్తుంది.
5. సెల్‌నూ 5సీబీనీ 40 డిగ్రీల దాకా వేడి చేసి, కేశనాళికా చర్యతో నింపి, నెమ్మదిగా చల్లార్చాలి.

ఐదో అడుగు తప్పనిసరి. 5సీబీ 35 డిగ్రీలకు కాస్త పైన మామూలు ద్రవంగా మారుతుంది. నెమాటిక్ స్థితిలోనే నింపితే అణువులు ప్రవాహం వెంట వాలిపోతాయి. రుద్దిన దిశకు పూర్తిగా లొంగని చారలు మిగిలిపోతాయి. క్రాస్ చేసిన పోలరైజర్ల మధ్య పెట్టి సెల్‌ను తిప్పితే చీకటి అంతటా ఒకేసారి పరుచుకోవాలి. ఎక్కడైనా వెలుగు చార మిగిలిందంటే ఆ సెల్ పక్కన పెట్టాల్సిందే.

మందం కొలిచేటప్పుడు నాలుగు మూలల్లోనూ కొలవాలి. జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి ఒక అంచును లాగేస్తుంది. మొదటి విడతలో సగానికి సగం సెల్‌లు ఇలా ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా తయారయ్యాయి. జిగురును కొద్దికొద్దిగా చుక్కలుగా పెట్టి, పైన సమానమైన బరువు ఉంచి గట్టిపరిచాక ఈ బెడద పోయింది.

చేతిలో ఉన్నవి: 6.3, 20.5, 51 మైక్రాన్ల మందం గల మూడు మంచి సెల్‌లు. స్థిరాంకం ఒక్కటీ లేదు.

దశ 2: వోల్టేజీ అంటే ఏ వోల్టేజీ

హద్దు వోల్టేజీ చిన్నది, 1 వోల్టుకు లోపే. సూత్రంలో దాని వర్గం ఉంది కాబట్టి వోల్టేజీలో 1 శాతం పొరపాటు కె1లో 2 శాతం అవుతుంది. ఇక్కడ నాలుగు చోట్ల జాగ్రత్త పడాలి.

1. ఫంక్షన్ జనరేటర్ తెరమీద కనిపించేది సాధారణంగా పీక్-టు-పీక్ విలువ. సైన్ తరంగానికి ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) కావాలంటే 2.828తో భాగించాలి.
2. చాలా జనరేటర్లు అవతల 50 ఓమ్‌ల లోడు ఉందనుకుని అంకె చూపిస్తాయి. మన సెల్ దాదాపు తెరిచిన సర్క్యూట్ లాంటిది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 20 మైక్రాన్ల సెల్ ఇంపీడెన్స్ 5 లక్షల ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి సెల్ మీద పడేది తెరమీది అంకెకు రెట్టింపు. జనరేటర్ సెట్టింగును హై-ఇంపీడెన్స్‌కు మార్చాలి.
3. ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటరును సెల్ కాళ్ల దగ్గరే పెట్టి కొలవాలి. జనరేటర్ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు.
4. డీసీ భాగం సున్నా కావాలి. ద్రవ స్ఫటికంలో ఎప్పుడూ కొన్ని అయాన్లు ఉంటాయి. డీసీ పెడితే అవి ఎలక్ట్రోడ్ల దగ్గర పోగుపడి క్షేత్రాన్ని కప్పేస్తాయి. జనరేటర్‌కూ సెల్‌కూ మధ్య ఒక కెపాసిటర్, సెల్‌కు సమాంతరంగా ఒక పెద్ద రెసిస్టర్ పెట్టాక కొలతలు స్థిరపడ్డాయి.

పౌనఃపున్యం ఎంపిక కూడా అయాన్ల వల్లే. 20 హెర్ట్జ్ దగ్గర హద్దు పైకి జరుగుతుంది, రోజు రోజుకీ మారుతుంది కూడా. 500 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా కదలలేదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరపడ్డాను.

హద్దును కాంతితో చూశాను. 633 నానోమీటర్ల లేజర్, పోలరైజర్, దానికి 45 డిగ్రీల కోణంలో సెల్, క్రాస్ చేసిన రెండో పోలరైజర్, ఫోటోడయోడ్. అణువులు లేవగానే ద్వివక్రీభవనం (ధ్రువణ దిశను బట్టి వక్రీభవనంలో వచ్చే తేడా) తగ్గి, వెలుగు హెచ్చుతగ్గులు మొదలవుతాయి. వోల్టేజీ లేనప్పుడు వెలుగు సరిగ్గా శిఖరం మీదో లోయలోనో ఉంటే చిక్కు వస్తుంది. అక్కడ కాంతి తరంగపు దశ (ఫేజ్) కొంచెం మారినా తీవ్రత దాదాపు కదలదు. అణువులు లేచిన సంగతి ఆలస్యంగా కనిపిస్తుంది, హద్దు ఎక్కువగా తేలుతుంది. లేజర్ చుక్కను సెల్ మీద కాస్త జరిపి, తీవ్రత మధ్య స్థాయిలో ఉన్న చోటు వెతుక్కోవాలి. ఆ తర్వాత తీవ్రతను దశగా మార్చి దశనే గీయాలి. ముడి తీవ్రత గ్రాఫు చూసి కంటితో హద్దు గుర్తించవద్దు.

దశ 3: మూడు మందాలు, మూడు జవాబులు

26 డిగ్రీల దగ్గర వచ్చిన హద్దులు ఇవి. పక్కనే, పర్మిటివిటీ తేడా 11.6 అనుకుని వేసిన కె1 (ఈ 11.6 ఎలా వచ్చిందో దశ 5లో ఉంది):

6.3 మైక్రాన్లు: 0.998 వోల్టు, కె1 10.4 పికోన్యూటన్లు
20.5 మైక్రాన్లు: 0.840 వోల్టు, కె1 7.3
51 మైక్రాన్లు: 0.798 వోల్టు, కె1 6.6

ఒక్క 51 మైక్రాన్ల సెల్‌తోనే పని ముగించి ఉంటే 6.6 అన్నది నమ్మదగ్గ అంకెలాగే కనిపించేది. ప్రమాదమంతా అక్కడే ఉంది. మందంతో సంబంధం లేని హద్దు మందంతో పాటు మారుతోందంటే, జనరేటర్ ఇచ్చిన వోల్టేజీ అంతా ద్రవ స్ఫటికానికి చేరడం లేదన్నమాట.

అడ్డుపడింది పీవీఏ పూత. ద్రావణం చిక్కగా ఉంది, పలకను ముంచి తీసే పద్ధతి వాడాను. పూత, ద్రవ స్ఫటికం, మళ్లీ పూత: ఇవి వరుసలో ఉన్న కెపాసిటర్లు. వోల్టేజీ వాటి మధ్య పంచుకుంటుంది. ఒక్కో పొర వాటా దాని మందాన్ని పర్మిటివిటీతో భాగించిన విలువకు అనుపాతంలో ఉంటుంది. సెల్ పలచబడేకొద్దీ పూత మింగే వాటా పెరుగుతుంది.

దీన్ని సరిచూడటం సులువు. హద్దు వోల్టేజీని మందపు విలోమానికి ఎదురుగా గీయాలి. పూతే కారణమైతే సరళరేఖ రావాలి. వచ్చింది కూడా. మందం అనంతమైతే, అంటే విలోమం సున్నా అయితే, రేఖ 0.770 వోల్టు దగ్గర అక్షాన్ని తాకింది. రేఖ వాలు 1.44. దాన్ని 0.770తోనూ, ద్రవ స్ఫటికపు అడ్డ పర్మిటివిటీ 7తోనూ భాగిస్తే 0.267 మైక్రాన్లు. ఇది రెండు పూతల మొత్తం మందాన్ని వాటి పర్మిటివిటీతో భాగించిన విలువ. పీవీఏ పర్మిటివిటీని 3గా తీసుకుంటే ఒక్కో పూత 0.4 మైక్రాన్లు. అణువులను వరుసలో పెట్టడానికి అంత మందం అక్కర్లేదు.

మార్పు: 1 శాతం ద్రావణం, స్పిన్ కోటర్. కొత్త సెల్‌ల హద్దులు:

6.1 మైక్రాన్లు: 0.805 వోల్టు
20.2 మైక్రాన్లు: 0.781 వోల్టు
50.6 మైక్రాన్లు: 0.774 వోల్టు

కొత్త రేఖ వాలు పాత దానిలో ఆరో వంతు కన్నా తక్కువ. కానీ అక్షాన్ని తాకింది మళ్లీ 0.770 దగ్గరే. పూత మందం ఇంతలా మారినా ఆ అంకె కదల్లేదు కాబట్టి అది ద్రవ స్ఫటికానిదే అన్న నమ్మకం కుదిరింది. ఎవరైనా ఈ పని చేస్తే ఒక సెల్‌తో ఆపవద్దని నా గట్టి మాట. కనీసం రెండు మందాలు కావాలి, ఒకటి పది మైక్రాన్లకు లోపు ఉండాలి. పలచని సెల్ ఇచ్చే జవాబు తప్పే అయినా, తప్పు ఎక్కడుందో చెప్పేది అదే.

చేతిలో ఉన్నవి: హద్దు వోల్టేజీ 0.770, అటూఇటూ 0.004.

దశ 4: ఆగడం

పైన ఇచ్చిన అంకెలకు ముందు ఒక విడత కొలతలను పూర్తిగా పారేయాల్సి వచ్చింది. వోల్టేజీ పెంచుతూ పోతే ఒక హద్దు, తగ్గిస్తూ వస్తే మరొకటి. 51 మైక్రాన్ల సెల్‌లో ఈ తేడా బాగా కనిపించింది, 6.3 మైక్రాన్ల దానిలో అసలు లేదు.

ఈ అమరికలో, అయాన్ల గోల లేకుండా, 5సీబీలో ఫ్రెడరిక్స్ పరివర్తన నునుపుగా జరుగుతుంది. పైకీ కిందికీ ఒకే దారి ఉండాలి. తేడా కనిపించిందంటే పదార్థానికి స్థిరపడే సమయం ఇవ్వలేదని అర్థం.

ఎంత సమయం కావాలి? అణువులు సర్దుకునే కాలం మందం వర్గానికీ భ్రమణ స్నిగ్ధతకూ (అణువులు తిరగడానికి ద్రవం ఇచ్చే అడ్డు) అనులోమంగా, కె1కు విలోమంగా ఉంటుంది. 5సీబీ భ్రమణ స్నిగ్ధత ఇక్కడ దాదాపు 0.08 పాస్కల్-సెకన్. దాన్నిబట్టి 50 మైక్రాన్ల సెల్‌కు సహజ కాలం 3 సెకన్లకు కొంచెం ఎక్కువ. ఇదేమీ పెద్దది కాదు. కానీ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఈ కాలం పెరిగిపోతుంది. హద్దుకు 2 శాతం పైన అది 80 సెకన్లు దాటుతుంది. 1 శాతం పైన దానికి రెట్టింపు. మనకు కావలసిన సమాచారమంతా సరిగ్గా ఆ 1, 2 శాతాల్లోనే ఉంది. అదే 6 మైక్రాన్ల సెల్‌కు 2 శాతం పైన 1 సెకను చాలు.

మార్పులు:

1. హద్దుకు దూరంగా 20 మిల్లీవోల్టుల అడుగులు, దగ్గర 2 మిల్లీవోల్టుల అడుగులు.
2. ప్రోగ్రాములో నిర్ణీత విరామం తీసేసి, ఫోటోడయోడ్ రీడింగు కదలడం ఆగేదాకా వేచి ఉండే షరతు పెట్టాను.
3. ప్రతి కొలతా పైకీ కిందికీ. రెండు రేఖలూ కలవకపోతే ఆ సెట్ లెక్కలోకి రాదు.

మందపాటి సెల్‌కు ఇప్పుడు రాత్రంతా పడుతుంది. అందుకే ఉష్ణోగ్రత నియంత్రణ మీద అదనపు శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది. హీటర్ దిమ్మెలో ఉన్న థర్మిస్టర్ చెప్పేది దిమ్మె ఉష్ణోగ్రత, సెల్‌ది కాదు. రెండో థర్మిస్టర్‌ను గాజు మీదే అతికించి, సెల్‌కు రెండువైపులా రాగి రేకులు వేసి, లేజర్ కోసం చిన్న రంధ్రం మాత్రమే వదిలాక 0.1 డిగ్రీ లోపల నిలిచింది. 5సీబీ స్వచ్ఛతకూ ఉష్ణోగ్రత అంకెలకూ ఒకే పరీక్ష ఉంది: నెమాటిక్ స్థితి పోయే ఉష్ణోగ్రతను ప్రతి కొత్త సెల్‌లోనూ రాసుకోవడం. అది 35 నుంచి బాగా కిందికి జారితే జిగురు కరిగి కలిసిందేమో చూడాలి.

దశ 5: పర్మిటివిటీ తేడా

దీనికి 50.6 మైక్రాన్ల సెల్ వాడాను. మందపాటి సెల్‌లో పూత వాటా తక్కువ. కానీ ఖాళీ సెల్ కెపాసిటెన్స్ 17.5 పికోఫారడ్లే. ఒక మీటరు కోఆక్సియల్ కేబుల్ ఒక్కటే 100 పికోఫారడ్ల దాకా కలుపుతుంది. కెపాసిటెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటరును నాలుగు తీగల పద్ధతిలో కలిపి, సెల్ లేకుండా తెరిచి ఒకసారి, కలిపేసి ఒకసారి సరిచేసుకోకుండా ఏ అంకెనూ నమ్మవద్దు.

హద్దుకు కింద 121.8 పికోఫారడ్లు. పూత వాటా తీసేస్తే అడ్డ పర్మిటివిటీ 7.0.

నిలువు విలువ (అణువుల పొడవు వెంట ఉన్నది) కోసం వోల్టేజీ పెంచుతూ పోవాలి. 10 వోల్టుల దగ్గర 307 పికోఫారడ్లు. ఇక్కడే ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే రేఖ చదునుగా కనిపిస్తుంది. ఆగకూడదు. పలకలను అంటుకున్న పలుచని పొరలో అణువులు ఇంకా పడుకునే ఉంటాయి. వోల్టేజీ పెంచేకొద్దీ ఆ పొర సన్నబడుతుంది కానీ పోదు. కెపాసిటెన్స్‌ను వోల్టేజీ విలోమానికి ఎదురుగా గీస్తే పై భాగంలో సరళరేఖ వస్తుంది. దాన్ని సున్నా దాకా పొడిగిస్తే 321 పికోఫారడ్లు. పూత వాటా సరిచేశాక నిలువు పర్మిటివిటీ 18.6. 10 వోల్టుల దగ్గరే ఆగి ఉంటే తేడా 11.6 బదులు 10.8 వచ్చేది, కె1 కూడా 7 శాతం తగ్గేది.

చేతిలో ఉన్నవి: హద్దు 0.770, పర్మిటివిటీ తేడా 11.6, కె1 6.17 పికోన్యూటన్లు. మీటరు దోషం, మందం దోషం కలుపుకుని అటూఇటూ 0.15.

దశ 6: కె3

హద్దు దాటాక కెపాసిటెన్స్ ఎంత నిటారుగా లేస్తుందన్నది కె3, కె1 నిష్పత్తి మీద ఆధారపడుతుంది. పర్మిటివిటీ తేడాను అడ్డ పర్మిటివిటీతో భాగించిన విలువ 1.657. దాన్ని రెట్టింపు చేసి, కె3ను కె1తో భాగించిన విలువకు 1.657 కలిపిన మొత్తంతో భాగిస్తే ప్రారంభ వాలు వస్తుంది (కెపాసిటెన్స్‌నూ వోల్టేజీనీ హద్దు దగ్గరి విలువలతో భాగించి గీసిన రేఖది). నాకు వచ్చిన వాలు 1.11. దాన్నిబట్టి నిష్పత్తి 1.33, కె3 8.2.

ఈ లెక్క చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాని మీద బరువు మోపలేము. వాలులో 3 శాతం మార్పు కె3లో దాదాపు 7 శాతం అవుతుంది. హద్దు పక్కనే రేఖ గుండ్రంగా వంగి ఉంటుంది, ఎందుకంటే రుద్దిన పలక మీద అణువులు పూర్తిగా పడుకోవు, ఒకటి రెండు డిగ్రీలు లేచి ఉంటాయి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా బిందువులు తీసుకోవాలన్న నిర్ణయాన్ని బట్టి కె3 7.6 నుంచి 9 దాకా ఊగింది.

వాలును వదిలేశాను. హద్దుకు కింద నుంచి 10 వోల్టుల దాకా ఉన్న మొత్తం కెపాసిటెన్స్ రేఖకు పూర్తి సమీకరణాన్ని కంప్యూటర్‌తో సరిపోల్చాను. కె1, కె3, పలక మీద అణువులు ముందే లేచి ఉన్న కోణం, రెండు పర్మిటివిటీలు: ఈ ఐదింటినీ ఒకేసారి వదలకుండా, పర్మిటివిటీలను దశ 5 విలువల దగ్గర బిగించి మిగిలిన మూడింటినీ వెతికించాను. కె1 మళ్లీ 6.2 దగ్గరే వచ్చింది. కె3 8.2, అటూఇటూ 0.3.

దశ 7: వేడి చేస్తే

33 డిగ్రీల దగ్గర హద్దు 0.715 వోల్టు. 26 డిగ్రీల నాటి దానికన్నా 7 శాతమే తక్కువ. అది చూసి స్థిరాంకం పెద్దగా మారలేదనుకోవచ్చు. కానీ పర్మిటివిటీ తేడా అదే ఉష్ణోగ్రతలో 8.5కు పడిపోయింది. రెండూ కలిపితే కె1 3.9. మూడో వంతుకు పైగా తగ్గింది. పాత 11.6నే వాడితే 5.3 వచ్చేది.

కారణం క్రమతలో ఉంది. వేడెక్కేకొద్దీ అణువుల వరుస సడలుతుంది. పర్మిటివిటీ తేడా ఆ క్రమతకు అనుపాతంలో, స్థిరాంకం సుమారుగా దాని వర్గానికి అనుపాతంలో పడిపోతాయి. హద్దు వోల్టేజీలో అవి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. కాబట్టి ప్రతి ఉష్ణోగ్రతలోనూ హద్దుతో పాటు రెండు పర్మిటివిటీలనూ కొత్తగా కొలవాలి. దగ్గరి దారి లేదు.

దశ 8: కె2

మూడింటిలో మొండిది ఇదే. రుద్దిన దిశలు ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉండేలా సెల్ కడితే అణువులు మెలితిరిగి నిలుస్తాయి. అప్పుడు హద్దు సూత్రంలో కె1 బదులు, కె1కు కె3లోంచి రెండు కె2లు తీసేసి నాలుగో వంతు చేసిన విలువను కలిపిన మొత్తం వస్తుంది. ఆ మొత్తం తెలిస్తే కె2 తెలుస్తుంది.

మొదట కాంతితోనే చూశాను, హద్దు చాలా ఎక్కువగా వచ్చింది. మెలితిరిగిన సెల్‌లో కాంతి ధ్రువణం మెలిక వెంటే తిరుగుతుంది. అణువులు లేవడం మొదలైనా చాలాసేపు ఆ తిరుగుడు చెదరదు. అసలు హద్దు ఎప్పుడో దాటిపోయాకే వెలుగులో మార్పు కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ కెపాసిటెన్స్ ఒక్కటే దారి. కుడి మెలిక, ఎడమ మెలిక ముక్కలు ఒకే సెల్‌లో పక్కపక్కన ఏర్పడటం కూడా కెపాసిటెన్స్‌కు పెద్ద అడ్డు కాదు, రెండింటి హద్దూ ఒకటే. ఒకే మెలిక కోసం కైరల్ పదార్థం (ఒకే వైపు మెలితిప్పే అణువులున్నది) కలపవద్దు. అది సహజ మెలికను తెచ్చిపెట్టి హద్దునే మార్చేస్తుంది.

పూత వాటా సరిచేశాక మెలిక సెల్ హద్దు 0.779 వోల్టు. మెలిక లేని సెల్‌తో తేడా 9 మిల్లీవోల్టులు మాత్రమే. కె2 మొత్తం ఆ 9 మిల్లీవోల్టుల్లో దాగి ఉంది. లెక్క వేస్తే 3.8. కానీ హద్దు 5 మిల్లీవోల్టులు జరిగితే కె2 0.16 జరుగుతుంది. రెండు సెల్‌ల హద్దుల్లోనూ అంత తేడా రావచ్చు, పైగా కె3 దోషం సగం ఇందులోకి దిగుతుంది. ఒకే రకంగా కట్టిన సెల్‌ల మధ్య తేడా కూడా కలిపితే అటూఇటూ 0.4 కన్నా తక్కువ రాయడం నిజాయతీ కాదు.

చేతిలో ఉన్నవి, 26 డిగ్రీల దగ్గర, పికోన్యూటన్లలో:

కె1: 6.17, అటూఇటూ 0.15
కె2: 3.8, అటూఇటూ 0.4
కె3: 8.2, అటూఇటూ 0.3

కె2ను ఇంకా బిగించాలంటే విద్యుత్ క్షేత్రాన్ని వదిలి అయస్కాంతానికి వెళ్లాలి. పలకలకు సమాంతరంగా, అణువులకు లంబంగా క్షేత్రం పెడితే హద్దులో కె2 ఒక్కటే ఉంటుంది, తీసివేత బెడద ఉండదు. అక్కడ మాత్రం హద్దు మందానికి విలోమంగా మారుతుంది, కాబట్టి దశ 1లోని స్పెక్ట్రోమీటరు కొలతే ముఖ్యమవుతుంది. నిటారుగా పంపిన కాంతికి ఆ మెలిక కూడా కనిపించదు, సెల్‌ను ఏటవాలుగా పెట్టి చూడాలి. 50 మైక్రాన్ల సెల్‌కు టెస్లాలో పదో వంతు దరిదాపుల క్షేత్రం చాలు. నియోడిమియం అయస్కాంతాల మధ్య ఎడాన్ని మార్చగలిగే చట్రం, వాటి మధ్య పట్టేంత సన్నని హీటర్ దిమ్మె ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి. క్షేత్రం సెల్ వైశాల్యమంతా సమంగా ఉందో లేదో హాల్ ప్రోబ్‌తో (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) కొలుస్తున్నాను. ఆ పట్టిక పూర్తయ్యాక తొమ్మిదో దశ రాస్తాను.